మన్నెంపల్లి ఖాళీ కలశం

“మా అక్కను సంపుతరు మేడం. ఇయ్యాల్నో రేపో సంపుతరు.”

మహబూబ్‌నగర్‌లో మందుల దుకాణం పైనున్న ఆ చిన్న ఆఫీసులోకి వచ్చిన యువకుడు కుర్చీలో కూర్చోకముందే ఆ మాట అన్నాడు. పేరు రాజేశ్. షాద్‌నగర్ దగ్గర ఒక కంపెనీలో పని. డ్యూటీ చొక్కా మీదే వచ్చేశాడు. ఆ చొక్కా భుజం మీద అరచేయంత నెత్తుటి మరక ఎండిపోయి ఉంది. సహాయకుడు ఎల్లేష్ గ్లాసుతో మంచినీళ్లిస్తే సగం నేల మీదే ఒలికాయి.

డిటెక్టివ్ కౌసల్య అతణ్ని తొందరపెట్టలేదు. చాలా ఏళ్లు వేలిముద్రల విభాగంలో పనిచేసి, ముందుగానే ఉద్యోగం వదిలి సొంతంగా ఈ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆవిడ. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా ఒక్క మాట అడ్డు రానివ్వదు. ఆ ఓపికే ఆమె సగం బలమని ఎల్లేష్ నమ్మకం.

“నెత్తురు ఎవరిది?” అని మాత్రం అడిగింది.

“అక్కది మేడం. మల్లీశ్వరి. ఎత్తుకోని దవాఖానకు ఉరికిన. రాయితోని మూతి మీద కొట్టిండ్రు. రెండు పండ్లూడినయ్. మిగిలినయి సుత రాలగొడ్తమంటున్నరు. నోట్ల పండ్లు లేకుంటె మంత్రం పలకదంట.”

 ఇలాంటివి తన అవ్వ కాలంతోనే పోయాయనుకున్నాడు ఎల్లేష్. హైదరాబాదుకు రెండు గంటల దూరంలో, ప్రతి ఇంట్లో రెండేసి సెల్‌ఫోన్లున్న ఊళ్లో, ఒక ఆడమనిషి పళ్లు రాళ్లతో రాలగొట్టడమా?

రాజేశ్ చెప్పిన కథ ఇది. మన్నెంపల్లి ఊరు రిజర్వాయర్ కింద మునిగిపోయింది. ఊరివాళ్లందరికీ కల్వకుర్తి రోడ్డు పక్కన కాలనీ కట్టి ఇచ్చారు. ఊరి దేవుడు చెన్నకేశవస్వామికి కొత్త గుడి కట్టారు. ప్రతిష్ఠ వచ్చే వారం. అప్పటిదాకా స్వామి కలశాన్ని పక్కనే చిన్న గదిలో ఉంచి కొన్ని నెలలుగా పూజ చేస్తున్నారు. మొన్న పొద్దున తలుపు తీస్తే ఆ కలశంలో చుక్క నీరు లేదు. తాళం తాళంలాగే ఉంది. పైన కొబ్బరికాయ కొబ్బరికాయలాగే ఉంది. నీళ్లు మాత్రం మాయం. బాణామతి, అంటే చేతబడి, చేసి మల్లీశ్వరే దేవుణ్ని పోగొట్టిందని ఊరు ఆమె ఇంటి మీద పడింది.

“నీళ్లు పోతే మనిషిని కొడతారా?” అన్నాడు ఎల్లేష్.

“ఒట్టి నీళ్లు గావు సార్. అండ్ల దేవుడున్నడు. అదొక్కటే గాదు. ఊరిడిసే రోజు ప్రతి ఇంటోళ్లు తమ బాయిల నుంచి ముంతెడు నీళ్లు తెచ్చి గా కలశంల పోసిండ్రు. ఆ బాయిలిప్పుడు లేవు. మాకు మిగిలిన ఊరు గదొక్కటే.”

కౌసల్య లేచి చేతిసంచి తీసుకుంది.

*

వాళ్లు వెళ్లేసరికి కాలనీ బిక్కుబిక్కుమంటోంది. మల్లీశ్వరి ఇంటి ముందు ఎస్సై మనీష ఇద్దరు పోలీసులను కాపలా పెట్టింది. గుడి దగ్గర రంగులు వేసే పని ఆగిపోయింది. పక్కనే రేకుల షెడ్డులో, ప్రతిష్ఠకు ముందు ఆచారంగా పోసిన వడ్లరాశి మధ్య నల్లరాతి చెన్నకేశవుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముఖం, శంఖం పట్టుకున్న చేయి మాత్రం వడ్ల పైకి కనిపిస్తున్నాయి. ఎల్లేష్ అప్రయత్నంగా చేతులు జోడించాడు.

“అక్కర్లేదు నాయనా,” అన్నాడు పక్కనుంచి అర్చకుడు నరహరాచార్యులు. అరవై దాటిన మనిషి. సరిగా నిద్రపోక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. “ఇప్పుడది ఒట్టి రాయే.”

ఎల్లేష్ ఉలిక్కిపడ్డాడు. దేవుణ్ని పట్టుకుని రాయి అన్న మాట ఒక అర్చకుడి నోట వింటానని అనుకోలేదు.

“విగ్రహాన్ని ఉన్న చోటునుంచి కదిలించే ముందు కళాకర్షణ చేస్తాం,” అని వివరించాడాయన. “అందులోని స్వామి కళను మంత్రంతో, దర్భలతో కలశంలోని నీళ్లలోకి పిలుస్తాం. అప్పణ్నుంచి ఆ నీళ్లే దేవుడు. మళ్లీ కొత్త గుళ్లో ప్రతిష్ఠ చేసేటప్పుడు ఆ నీళ్లతో అభిషేకించి విగ్రహంలోకి పంపుతాం. అందాకా ఇది శిల్పం, అంతే.”

“పాత ఊరి నుంచి కలశం తెచ్చింది మీరేనా?” అడిగింది కౌసల్య.

“నేనే తల్లీ. ఐలేశం ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఈ గదిలో దించేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. అది నియమం.”

“తాళంచెవులు?”

“రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి గుడి కమిటీ పెద్ద కిష్టయ్య దగ్గర.”

గది తలుపు తీశారు. మైల పడిందని ఆ పొద్దుటి నుంచీ లోపల ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. కౌసల్య చెప్పులు దూరంగా విడిచి వచ్చి గడప ఇవతలే నిలబడింది.

“నేను లోపలికి రాను. ఇక్కణ్నుంచే చూస్తా.”

పీట మీద పరిచిన బియ్యం. వాటి మీద రాగి కలశం, దాని చుట్టూ అల్లిన దారం, మీద వాడిపోయిన మామిడాకులు, కొబ్బరికాయ. బియ్యం పొడిగా ఉన్నాయి. ఇన్ని నెలలు కలశం కూర్చున్న చోట గుండ్రంగా గుంట పడింది. ఇప్పుడు కలశం ఆ గుంటలో లేదు. బెత్తెడు పక్కకు జరిగి ఉంది. ఎవరో కంగారులో తిరిగి పెట్టారని ఎల్లేష్ అనుకున్నాడు. కౌసల్య మాత్రం తలెత్తి సూర్యుణ్ని చూసి, “అటుపక్క ఉత్తరమే కదూ?” అని తనలో తాను అనుకుంది.

ఆమె అడిగితే ఆచార్యులు కొబ్బరికాయ తీసి కలశాన్ని గడప దగ్గరికి తెచ్చి వంచి చూపించాడు.  లోపలి రాగి నల్లబడింది. అడుగున దర్భలు విడివిడిగా పడి ఉన్నాయి.

“ఇవి కట్టగా ఉండాలి కదా?”

“ఉండాలి,” అన్నాడాయన నేల చూస్తూ. “ముడి వేసి ఉంచుతాం.”

గది వెనకాల, ఆచార్యుల ఇంటి గోడ పక్కన, తులసికోట ఉంది. కౌసల్య అక్కడ వంగి చాలాసేపు చూసింది. మట్టి మీద రెండు లవంగాలు, ఒక యాలక్కాయ ఉన్నాయి. నీళ్లలో నానినవి కాబట్టి ఉబ్బి ఉన్నాయి. “కలశంలో వేసే దినుసులు,” అని ఎల్లేష్‌తో మెల్లగా అంది. “నేల మీద పారబోయలేదు. ఎవరూ తొక్కని చోట పోశారు.”

*

మల్లీశ్వరి చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. పెదవి మీద కుట్లు. పట్టి పట్టి మాట్లాడుతోంది. పక్కన కూర్చున్న రాజేశ్ ఆమె చేయి వదలడం లేదు.

“నా మీదే ఎందుకనుమానపడ్డరంటె, నేనొకనాడు ఒర్రిన మేడం. ఊరు మునిగినంక గొర్లకు మేత లేకపాయె. మా ఆయిన మంద మొత్తం అమ్మిండు. అమ్మిన దినమే గుండె ఆగి సచ్చిపోయిండు. దినాలు కాంగనే నేను గా గది ముందట నిలవడి అడిగిన. లోపల ఉన్నవా, లేవా? ఉంటె ఒక్క మాట పలుకు, లేకుంటె ఒట్టి నీళ్లేనా అని. అందరు ఇన్నరు. గిప్పుడు నీళ్లు మాయమయ్యేసరికి గా మాట యాదికి తెచ్చుకున్నరు.”

“ముందుగా యాదికి తెచ్చింది ఎవరు?”

“కిష్టయ్య. గుడి పక్కన జాగా నాకొచ్చింది. మండపానికి ఇయ్యమన్నడు. నేను ఇయ్యనన్న.”

మాట్లాడుతూనే ఆమె మూలనున్న ఇత్తడి బిందె వంచి గ్లాసులో నీళ్లు పోసింది. బిందె లోపల మెడ దాకా సున్నం పూసినట్టు గట్టి తెల్లపొర. కౌసల్య గోటితో గీకినా రాలేదు.

“పాత ఊరి బిందె,” అన్నాడు రాజేశ్. “మా బాయిల నీళ్లు గట్లనే మేడం. వారం దినాలు నిలువబెడితె పెంకు గడ్తది. ప్రతి ఇంట్ల గిదే.”

ఎల్లేష్ కౌసల్య వైపు చూశాడు. ఆమె ముఖం ఒక్కసారిగా గంభీరమైంది. ఆ చూపు అతనికి తెలుసు. ఏదో తేలిందన్నమాట. కానీ ఏమిటో అతనికి అంతుబట్టలేదు.

కిష్టయ్య దగ్గర ఎంతోసేపు పట్టలేదు. తెల్లచొక్కా, చేతికి బంగారు కడియం. నీళ్లు మాయమైన రాత్రి షాద్‌నగర్‌లో బిడ్డ ఇంట్లో ఉన్నానని, తాళంచెవి తన మొలతాడుకే ఉందని చెప్పాడు. రాజేశ్ కూడా ఆ పొద్దున అతను షాద్‌నగర్ బస్సు దిగుతుండగా చూశాడట.

“మీ చెవి మీ దగ్గరే ఉంటే మల్లీశ్వరి లోపలికి ఎట్ల పోయింది?” అంది కౌసల్య.

“గదే గద మేడం బాణామతి అంటె! తాళం తియ్యకుండ నీళ్లు గుంజింది.”

చివరగా ఆటో ఐలేశం. కలశం తెచ్చిన రోజు బాగా గుర్తుందన్నాడు.

“మెల్లగనే తెచ్చిన మేడం. కల్వకుర్తి మలుపు కాడ బండోడు అడ్డమొస్తె సడెన్‌గ బ్రేకు కొట్టిన. నాకైతె పానం పోయినట్టయింది. ఎన్కకు తిరిగి సూస్తె అయ్యగారు కలశం కావలించుకోని ఉన్నరు. ఏం గాలేదు, పో అన్నరు. జర దూరం పోయినంక ఆపి, ఐలేశం, దూపైతాంది, మంచినీళ్ల బాటిల్ తే అన్నరు. పెద్ద బాటిల్ తెచ్చిచ్చి, పాపం అలిసిపోయిండ్రు, మొత్తం తాగుండ్రి అని చెప్పి నేను బీడీ కాల్సుకునేందుకు పక్కకు పోయిన.”

 పొద్దున ఆచార్యులు అన్న మాట ఎల్లేష్ చెవుల్లో మోగింది. అతను నోరు తెరవబోతే కౌసల్య కళ్లతోనే వారించింది.

*

సాయంత్రం ఎండ తగ్గకముందే గుడి ముందున్న షామియానా కింద ఊరంతా చేరింది. ఎస్సై మనీష ఒక పక్క నిలబడింది. కిష్టయ్య ముందు వరసలో కూర్చున్నాడు. రాజేశ్ భుజం పట్టుకుని మల్లీశ్వరి వచ్చింది. ఆమె రాగానే ఆడవాళ్లు కొంగులు దగ్గరికి లాక్కుని పక్కకు జరిగారు.

కౌసల్య లేచి నిలబడి గొంతు పెంచకుండా మొదలుపెట్టింది.

“మీ దేవుణ్ని ఎత్తుకపోయిందెవరని మీరంత అడుగుతున్నరు. ముందు ఎట్ల పోయిండో చూద్దాం. తాళం పగలలేదు. బియ్యం తడవలేదు, అంటే కలశం కారలేదు. పైన కొబ్బరికాయ మామూలుగానే ఉంది. పగతో చేసేటోళ్లు కలశాన్ని తన్నిపోతరు. ఇక్కడ చేసిన మనిషి దర్భల ముడి విప్పిండు. కలశాన్ని ఉత్తరం పక్కకు బెత్తెడు జరిపిండు. నీళ్లను కాలు పడని చోట, తులసికోటలో పోసిండు. వినాయకచవితి అయినంక మీ ఇండ్లల్ల విగ్రహాన్ని ఎత్తే ముందు ఏం చేస్తరు?”

“ఉద్వాసన చెప్తం,” అంది ముందు వరసలోని జానమ్మ అనే ఆమె. “ఉత్తరం దిక్కు జర కదిలిస్తం.”

“అదే. దేవుడికి పోయి రమ్మని చెప్పి నీళ్లు పోసిండ్రు. మల్లీశ్వరి దగ్గర తాళంచెవి లేదు. కిష్టయ్య దగ్గర ఉంది కాని ఆ రాత్రి ఆయన ఊళ్లె లేడు. ఇగ మిగిలింది ఒక్క చెవి.”

జనం మెడలు ఒక్కసారిగా ఆచార్యుల వైపు తిరిగాయి. నమ్మలేనట్టుగా ఎవరో “అయ్యో” అన్నారు. ఆచార్యులు కదల్లేదు.

“ఎందుకు?” కౌసల్య కలశాన్ని తెప్పించి వంచి చూపించింది. “మీ ఊరి నీళ్లు వారం నిలువబెడితె పెంకు కడతయి. ఇందులో ఇన్ని నెలలున్నయి. పెంకేది? రాగి నల్లబడింది, తెల్లపొర రవ్వంత కూడా లేదు. అంటే ఇందులో ఉన్నవి మీ బాయిల నీళ్లు కావు. తొవ్వలోనే మారినయి. ఆ రోజు పచ్చి మంచినీళ్లు ముట్టలేదన్న అయ్యగారు, దూపైతాందని ఐలేశంతో బాటిల్ తెప్పించుకున్నరు. తాగనప్పుడు ఆ నీళ్లు ఎక్కడికి పోయినయి?”

 ఐలేశం నోటి మీద చేయి పెట్టుకున్నాడు.

నరహరాచార్యులు లేచాడు. పక్కనున్న స్తంభం పట్టుకున్నాడు.

“బ్రేకు పడగానే కలశం ఒళ్లోనే ఒరిగిపోయింది,” అన్నాడు. “నా పంచె, ఆటో సీటు, కింది రేకు, అంతా స్వామే. దోసిలితో ఎత్తబోతే చేతికి రాలేదు. మీ అందరి బావుల నీళ్లు. ఇక్కడ మీరు డప్పులతో ఎదురుచూస్తున్నారు. ఖాళీ కలశం ఎట్లా దించను? బాటిల్ నీళ్లు పోశాను. చెబుదాం చెబుదామనుకుంటూనే ఇన్ని నెలలు గడిచిపోయాయి. ప్రతిష్ఠ దగ్గరికి వచ్చింది. దుకాణంలో కొన్న నీళ్లు విగ్రహం మీద పోసి, ఇదిగో మీ దేవుడు అని మీతో మొక్కించడానికి నాకు చేతులు రాలేదు. నీళ్లు లేకపోతే ప్రతిష్ఠ ఆగుతుంది, మళ్లీ మొదటి నుంచి చేద్దామని చెప్పొచ్చుననుకున్నాను. అంతే తప్ప ఇంకొకరి మీదికి పోతుందని కలలో కూడా అనుకోలేదు.”

“దేవుడు లేని నీళ్లకు ఉద్వాసన ఎందుకు చెప్పారు?” అడిగింది కౌసల్య.

ఆయన పెదవులు కదిలాయి. “ఉన్నాడేమోనని.”

“రోజూ పూజలో మొట్టమొదట ఏం చేస్తరు అయ్యగారూ?”

“ఆవాహన.”

“అంటే?”

“రమ్మని పిలవడం.”

“రోజూ పిలిచిండ్రు. ఊరంత నమ్మి మొక్కింది. పిలిచినాయన రాలేదని మీకు ఎవరు చెప్పిండ్రు?”

ఆచార్యులు తల తిప్పి తులసికోట ఉన్న వైపు చూశాడు. ఆయన ముఖంలో రక్తం ఇంకిపోవడం ఎల్లేష్ కళ్లారా చూశాడు. నేరం బయటపడినప్పుడు కూడా ఆ మనిషి అంతగా కదిలిపోలేదు. తన చేత్తో తాను తులసికోటలో పోసింది ఏమిటో ఆ క్షణాన తోచినట్టుంది. స్తంభం పట్టుకున్న చేయి జారి అక్కడే కూలబడ్డాడు.

వెనకనుంచి కిష్టయ్య గొంతు లేచింది. “సూసిండ్రా! ఊరిని గింత మోసం జేసిండు! కొట్టాల్సింది గీయనను!”

“నువ్వు కూసో కిష్టయ్యా,” అంది ఎస్సై మనీష. “రాయి పట్టుకున్నోళ్లు నీ పేరే చెప్పిండ్రు. జాగా కోసం మనిషి మీదికి ఊరిని ఉసిగొల్పినవ్. నువ్వు నా జీపులో వస్తున్నవ్.”

గోల మొదలయ్యేదే. కానీ మల్లీశ్వరి లేచి నిలబడింది. అందరూ ఊరుకున్నారు. ఆమె మెల్లగా నడిచి కూలబడిన ఆచార్యుల ముందు ఆగింది. కుట్లు పడిన పెదవితో మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

“నన్ను కొట్టిన కాడికి మీ కిటికి ఎంత దూరం అయ్యగారూ? మీరు నిలవడి సూస్తున్నరు. నాకు కనవడ్డరు. ఆనాడు నేను స్వామిని పిలవలే. ఆయినను ఎప్పుడో పిలిచి ఇడిసిపెట్టిన. మిమ్మల్ని పిలిచిన. అయ్యగారూ, అయ్యగారూ అని మొత్తుకున్న. మీకు తెల్సు నేను చెయ్యలేదని. ఆడ ఉన్నోళ్లల్ల మీకొక్కరికే తెల్సు.” ఆమె ఆగి ఊపిరి పీల్చుకుంది. “పిలిస్తె ఎందుకు రాలేదు?”

ఆయన తల ఎత్తలేదు.  జానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు మల్లీశ్వరి రెండు చేతులూ విరిచి పట్టుకున్నది జానమ్మేనని ఎల్లేష్‌కు తర్వాత తెలిసింది.

 తిరుగుదారిలో కారులో ఎల్లేష్ అడిగాడు.

“మేడం, ఆ నీళ్లలో నిజంగా దేవుడున్నాడంటారా?”

“ఎవరు పోసిండ్రు, ఎవరు పారబోసిండ్రు, అది కనిపెట్టుడే నా పని ఎల్లేష్,” అంది కౌసల్య. “ఉన్నడా లేడా అన్నది నా వేలిముద్రల పొడికి దొరకదు.”

*

ఊరివాళ్లు వేరే ఊరి అర్చకుణ్ని పిలిపించుకున్నారు. తమ బావులన్నీ రిజర్వాయర్ అడుగునే ఉన్నాయి కాబట్టి ఆ రిజర్వాయర్ నీళ్లే తెచ్చి మళ్లీ ఆవాహన చేద్దామనుకున్నారు. కొత్త ముహూర్తం పెట్టారు. ఆ రోజు మధ్యాహ్నం ఎల్లేష్ ఉండబట్టలేక రాజేశ్‌కు ఫోన్ చేశాడు.

“ప్రతిష్ఠ అయిందా?”

“కాలే సార్.” రాజేశ్ గొంతు వింతగా ఉంది. వెనక పెద్ద జనం అలికిడి వినిపిస్తోంది. “పొద్దుగాల ఊరోళ్లంత నీళ్ల బిందెలు నెత్తిన పెట్టుకోని మా ఇంటి ముందటికొచ్చిండ్రు. నువ్వు వస్తెనే గుళ్లె అడుగు పెడ్తమన్నరు. అక్క తలుపు తియ్యలే.”

“మరి వాళ్లు?”

“పోలే సార్. బిందెలు దించి ఎండల్నే కూసున్నరు. ముహూర్తం సుత దాటిపోయింది. అర్చకాయన గుళ్లె ఒక్కడే ఉన్నడు.”

“మీ అక్క ఏమంటోంది?”

“ఏమంటలేదు సార్. తలుపు ఎన్కాల నిలవడి ఇంటాంది.”

ఫోన్‌లో ఆడవాళ్ల గొంతులు దగ్గరయ్యాయి. ఒక గొంతు మల్లీశ్వరీ అంది. ఇంకొకటి వదినే అంది. ఏడుస్తున్న మరో గొంతు జానమ్మదని ఎల్లేష్ గుర్తుపట్టాడు.

“పిలుస్తనే ఉన్నరు సార్,” అన్నాడు రాజేశ్.